దంతాలపల్లి స్త్రీ ఏ శాఖకు చెందును?

వరంగల్ నుండి ఖమ్మం పోయే రహదారి మీద దంతాలపల్లి అనే ఊరు ఉన్నది. ఒకప్పటి వరంగల్ జిల్లాలోనిది, 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలోనిది. అక్కడ పత్తిచేనులో కలుపు తీస్తున్న ఒక ముస్లిం స్త్రీని విశ్వవిద్యాలయం ఎలా చూస్తుంది? అర్థశాస్త్రం ఆమె కూలి ఎంత అని అడుగుతుంది. వైద్యశాస్త్రం ఆమె రక్తహీనతను కొలుస్తుంది. న్యాయశాస్త్రం పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేర ఉన్నదని విచారిస్తుంది. చరిత్ర శాఖవారు ఆమె నాయనమ్మ సాయుధ పోరాట కాలంలో ఏం చేసిందని ప్రశ్నిస్తారు. ఎవరి ప్రశ్నా తప్పు కాదు. కాని నాలుగు శాఖలవారూ వెళ్లిపోయిన తర్వాత ఆ స్త్రీ నాలుగు ముక్కలుగా నాలుగు గదుల్లో మిగిలిపోతుంది. ఈ ముక్కలను ఒకచోట చేర్చి చూడాలనే ప్రయత్నానికే జెండర్ అధ్యయనమని పేరు.

ఇది పాశ్చాత్యుల నుండి అరువు తెచ్చుకున్న విద్య అని సమాజంలో పలువురు పెద్దలు ఒక్క మాటతో తోసివేస్తుంటారు. ఈ అభిప్రాయం చరిత్రకు నిలువదు. దేశంలో స్త్రీల స్థితిగతులను పరిశీలించిన సంఘం నివేదిక వెలువడినది 1974లో. అదే సంవత్సరం బొంబాయిలోని ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో స్త్రీల అధ్యయనానికి ప్రత్యేక కేంద్రం ఏర్పడినది. 1985లో హైదరాబాద్‌లో ‘అన్వేషి’ స్థాపింపబడినది. ఇంగ్లీషు సాహిత్యం, రాజనీతి శాస్త్రం, పోషకాహార వైద్యం వంటి వేర్వేరు శాఖల స్త్రీలు ఒకచోట కూర్చుని పనిచేయడం ఇక్కడ ముఖ్యాంశం.

ఈ కృషికి బీజం వేసిన పుస్తకం స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేతనే వారి కథను చెప్పించిన గ్రంథమిది. పాలకుర్తి చాకలి ఐలమ్మ గొంతు అందులో ఉన్నది. ఆమె 1985లో కన్నుమూసినది. 2024లో హైదరాబాద్ కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరే పెట్టినారు. ఏ కళాశాల గడపా తొక్కని స్త్రీ పేరు విశ్వవిద్యాలయ ద్వారం మీదికి ఎక్కడానికి ఇటువంటి గ్రంథాలు కూడా ఒక కారణమని ఒప్పుకోక తప్పదు.

అయితే గ్రంథం గొప్పదైనంత మాత్రాన విమర్శకు అతీతం కాదు. అందులో వినిపించే ముస్లిం స్త్రీలు జమాలున్నిసా బాజీ, రజియా బేగం. ఇద్దరూ హైదరాబాద్ నగరానికి చెందినవారు, చదువుకున్నవారు. వారి ధైర్యాన్ని తక్కువ చేయడానికి వీలులేదు. కాని ఆ ఇద్దరినీ చదివిన పాఠకునికి ముస్లిం స్త్రీ అంటే నగరం, ఉర్దూ, కవిత్వం, పరదా అనే చిత్రమే మిగులుతుంది. దంతాలపల్లి, తొర్రూరు, మరిపెడ ప్రాంతాల్లో కూలికి పోయే ముస్లిం స్త్రీ, దూదేకుల ఇంటి ఇల్లాలు ఆ చిత్రంలో ఇమడరు. మరొక లోపం 1989లో వచ్చిన ఇంగ్లీషు అనువాదానిది. తెలుగులో ఒక స్త్రీ మాట్లాడగానే ఆమె ఏ సీమదో, ఏ ఇంటిదో మాట తీరులోనే తెలిసిపోతుంది. ఇంగ్లీషులోకి పోగానే అందరి నాలుకా ఒకటే అవుతుంది. ఇది అనువాదకుల దోషమని అనలేము, ఆ పని స్వభావమే అంత. అయినా దేశవిదేశాల్లో పాఠంగా చదువుకునేవారికి అందేది ఆ చదును చేసిన మాటే.

‘జెండర్’ అనే పదం సంగతి ఇంకా చిత్రమైనది. తెలుగులో ‘లింగం’ అంటే వ్యాకరణం గుర్తుకు వస్తుంది, శరీరం గుర్తుకు వస్తుంది, సమాజం మాత్రం గుర్తుకు రాదు. అందుకే చాలామంది జెండర్ అనే రాస్తున్నారు. ఉర్దూలో ‘సిన్ఫ్’ అంటున్నారు. సాహిత్య ప్రక్రియకు కూడా ఆ భాషలో అదే పేరు. అరబ్బీవారు ‘నౌఅ్ ఇజ్తిమాయీ’, అనగా సామాజిక రకం, అని కొత్తగా కూర్చుకున్నారు. అరబ్బీలోని ‘జిన్స్’ అనే పాత పదమేమో గ్రీకు ‘గెనోస్’ నుండి వచ్చినదే. ఇంగ్లీషు ‘జెండర్’ కూడా లాటిన్ ద్వారా ఆ కుదురుకే చెందినది. పరాయిదని తరిమేసే పదానికి మదరసాలోని మంతిక్ పాఠంలోనే చుట్టం ఉన్నదన్నమాట!

తెలుగు వ్యాకరణాన్నే చూడండి. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడపదార్థాలను తీసివేయగా మిగిలినవానిని మహత్తులన్నాడు. ‘వాడు వచ్చాడు’ అంటాము. ‘ఆమె వచ్చింది’, ‘ఎద్దు వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అంటాము. బహువచనంలో మాత్రం స్త్రీ పురుషుల సరసన చేరుతుంది: ‘వాళ్లు వచ్చారు’. ఒంటరి స్త్రీ ఎద్దుతో సమానం, గుంపులో ఉన్న స్త్రీ మనిషితో సమానం! భాషాశాస్త్రం దీనిని వర్గీకరణ అని రాసుకుని ఊరుకుంటుంది. ఊరుకోకుండా ‘ఎందుకు?’ అని అడిగినప్పుడే జెండర్ అధ్యయనం మొదలవుతుంది.

ఈ ప్రశ్న ఇస్లామీయ విద్యకు కొత్త కాదు. పురుషుల ప్రస్తావన ఉన్నట్లు స్త్రీల ప్రస్తావన ఎందుకు లేదని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) దైవప్రవక్త (స)ను అడిగిన ఉదంతం హదీసు గ్రంథాల్లో ఉన్నది. అహ్‌జాబ్ సూరా 35వ ఆయత్ పది సుగుణాలను చెబుతూ ప్రతిచోటా పురుషులను, స్త్రీలను వేర్వేరుగా పేర్కొనడానికి ఈ ప్రశ్నే సందర్భమని వ్యాఖ్యాతలు తెలిపారు. సహీహ్ బుఖారీని అందించిన ప్రసిద్ధ రావీలలో హిజ్రీ అయిదవ శతాబ్దపు కరీమా మర్వజియ్యా ఒకరు. హదీసు పండితురాళ్ల మీద మౌలానా అక్రమ్ నద్వీ రాసిన అరబ్బీ గ్రంథం 2021లో 43 సంపుటాలుగా వెలువడినది. ఇంత సంపద ఉండగా మదరసాలో స్త్రీ విషయం తహారత్, నికాహ్, తలాక్ అధ్యాయాలు దాటి రాకపోవడానికి కారణమేమిటి? విశ్వవిద్యాలయాన్ని నిందించేవారు ముందు దీనికి జవాబు చెప్పవలసియున్నది.

అటువైపు విశ్వవిద్యాలయంలో ముస్లిం స్త్రీ అనగానే షాబానో తీర్పు (1985), మరుసటి ఏటి చట్టం, అంతటితో సరి. 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలుపుతూనే, విడాకులు పొందిన స్త్రీ భవిష్యత్తుకు తగిన ఏర్పాటును ఇద్దత్ గడువులోగా చేయవలసినది భర్తేనని చెప్పిన విషయం చాలామంది గమనించరు. ఇక్కడ అన్వేషి న్యాయ కమిటీకి న్యాయం చేయాలి. ఉమ్మడి పౌరస్మృతి వివాదంపై 1997లో వారు ప్రచురించిన వ్యాసం, స్త్రీకి న్యాయమన్నది కేవలం చట్టం సమస్యేనా అని సూటిగా అడిగినది. ముస్లిం స్త్రీని ముస్లిం సమాజం మీదికి ఆయుధంగా వాడుకోవడాన్ని ప్రశ్నించిన ఈ వ్యాసం ఉలమా చేతికి అందియుంటే ఎంత బాగుండేది!

మళ్లీ పాసుపుస్తకం దగ్గరకు వద్దాం. కూతురికి తండ్రి ఆస్తిలో వాటాను నిసా సూరా నిర్ణయించినది. 1937 షరీఅత్ చట్టం రెండవ సెక్షన్ మాత్రం వ్యవసాయ భూమిని మినహాయించినది. మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ తెచ్చి ఆ భూమిని కూడా చేర్చుకున్నది. నిజాం రాజ్యం అప్పట్లో 1937 చట్టం పరిధిలో లేదు. చట్టం తక్కిన రాష్ట్రాలతో పాటు ఈ ప్రాంతానికి విస్తరించినది 1959లో. అంటే దంతాలపల్లిలో ఎకరం చెలక కోసం ఒక ఆడబిడ్డ నోరు తెరిస్తే ఫిఖ్హ్, చట్టం, సంస్థానాల చరిత్ర, రెవెన్యూ రికార్డు నాలుగూ తెలిసినవారు జవాబు చెప్పాలి. అన్నదమ్ములతో సంబంధం తెగిపోతుందని ఆమె అసలు నోరే తెరవదన్నది అయిదవ విషయం, దానికి సామాజిక శాస్త్రం కావాలి. ఏ ఒక్క శాఖ పట్టభద్రుడికీ ఇది శక్యమైన పని కాదు.

ఇక భాష. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో స్త్రీల అధ్యయనం ఉర్దూలో ఉన్నది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషులో ఉన్నది. ఇంట్లో ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు చదివిన మానుకోట ప్రాంతపు అమ్మాయికి మొదటిది లిపి దగ్గర, రెండవది భాష దగ్గర ఆగిపోతుంది. అన్వేషివారే వెలువరించిన ‘సవాలక్ష సందేహాలు’ దారి చూపుతున్నది. ఆడవారు తమ ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలతో తెలుగులోనే మొదలైన పుస్తకమది. వైద్యులు, వైద్యులు కానివారు కలిసి చేసిన పని. మహర్, వారసత్వం, కూలి, కాన్పు గురించి దంతాలపల్లి స్త్రీలు అడిగే ప్రశ్నలను ముందు వారి మాటల్లోనే రాసుకుని, ఆ తర్వాత ఆలిములు, లాయర్లు, డాక్టర్లు ఒక బల్ల దగ్గర కూర్చుని జవాబులు రాయవలసియున్నది. బల్ల విశ్వవిద్యాలయంలో వేస్తారా, మదరసాలో వేస్తారా అన్నది తర్వాతి మాట.