మోడులో కాపురాలు

మా పెరటి వేపచెట్టు పోయింది. 2021 వానాకాలంలో తెలంగాణలో ఊరూరా వేపలు కొసల నుంచి మాడిపోయాయి, గుర్తుందా? మంటసెగ తగిలినట్టు చెట్లకు చెట్లే గోధుమరంగుకు తిరిగాయి. మా చెట్టుకూ అదే పట్టుకుంది. టీ దోమ లేత రెమ్మల రసం పీల్చేస్తోందని, ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం కొమ్మల్ని ఎండబెడుతోందని, వేసవికల్లా మళ్లీ చిగురిస్తాయి కాబట్టి భయపడొద్దని శాస్త్రవేత్తలు చెప్పారు. అన్నట్టే చాలా చెట్లు తేరుకున్నాయి. మాది మాత్రం ఏటికేడు ఇంకొంచెం ఎండుతూ వచ్చి, చివరికి ఒక వేసవిలో ఒక్క చిగురైనా వెయ్యలేదు. దాని మొదలును చెదలు ఎప్పటినుంచో తింటున్నాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు కదా, మనమూ ఎక్కిద్దామని మా అత్తమ్మ పట్టుబట్టింది. తెలిసినాయన ఒకరు వచ్చి బెరడు గోటితో గీరి చూపించాడు. కింద పచ్చదనం లేదు.

పరామర్శకు వచ్చినవాళ్లంతా నీడ గురించే మాట్లాడారు. బోనాలకు మా చెట్టు రెమ్మలు తెంపుకెళ్లే ఆడవాళ్లు, పిల్లలకు అమ్మవారు పోస్తే వేపమండల కోసం పొద్దుపోయాక తలుపు తట్టినవాళ్లు, ఉగాదికి పూత దులుపుకెళ్లినవాళ్లు. అందరిదీ నిజమైన బాధే. వెళ్తూ వెళ్తూ అందరూ ఒకే ఓదార్పు చెప్పారు: ఇంకో మొక్క పెట్టుకోండి, వేప తొందరగానే ఎదుగుతుంది. ఎదుగుతుంది, కాదనను. కొన్నేళ్లకు నీడ వస్తుంది, పూత వస్తుంది, పుల్ల విరుచుకుని పళ్లు తోముకోవచ్చు. మనుషులకు కావలసినవన్నీ కొత్త చెట్టు ఇవ్వగలదు. ఇవ్వలేనిది తొర్ర.

తొర్ర ఎలా పుడుతుందో ఈ చెట్టు కిందే నేర్చుకున్నాను. ఎప్పుడో గాలివానకు విరిగిన పెద్ద కొమ్మ మొదట్లో గాయం మానలేదు. అందులో వాననీళ్లు నిలిచాయి, చెక్క కుళ్లింది, పురుగు చేరింది. అది లోతైన గుంత కావడానికి ఏళ్లు పట్టింది. అప్పుడు గానీ పైడికంటెల జంట వచ్చి కాపురం పెట్టలేదు. మునిమాపు వేళ ఆ రెండు చిన్న గుడ్లగూబలు గుమ్మంలోకి వచ్చి, తలలు ఎత్తి దించి మమ్మల్ని పరికించేవి. వాటి అరుపు అపశకునమని మొదట్లో కసిరిన అత్తమ్మే తర్వాత వాటికి కాపలా కాసింది.

మరో తొర్ర పుట్టడం కళ్లారా చూశాను. మాఘమాసంలో బట్టలుతికే బండ మీద సన్నటి రంపపుపొట్టు రాలుతుంటే తలెత్తాను. ఎండుకొమ్మ అడుగుభాగాన కంసాలి పిట్ట వేలాడుతోంది. పిచ్చుక కంటే కాస్త పెద్దది, ఆకుపచ్చ ఒళ్లు, నుదుట ఎరుపు, గొంతు దగ్గర పసుపు. నడివేసవి మధ్యాహ్నం టుక్ టుక్‌మని ఆగకుండా వినిపించేది దీని గొంతే. ముక్కుతో నాలుగు దెబ్బలు వేసి ఆగుతుంది, తల వెనక్కి వంచి చూసుకుంటుంది, మళ్లీ కొడుతుంది. ఇది ఎగిరిపోతే జంట పిట్ట వచ్చి పని అందుకుంటుంది. రంధ్రం లోతయ్యాక లోపలికి దూరి, ముక్కునిండా పొట్టు తెచ్చి బయట విదిలిస్తుంది. పెద్ద ఉసిరికాయ పట్టేంత గుండ్రటి గుమ్మం. కొమ్మ అడుగున తొలిచింది కాబట్టి వాన లోపలికి దిగదు. ఆ తెలివికి నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

పచ్చి కొమ్మను ఈ చిన్న ముక్కు తొలవలేదు. దానికి చచ్చి మెత్తబడిన చెక్క కావాలి. వడ్రంగి పిట్ట కూడా ఎక్కువగా అలాంటిదే వెతుక్కుంటుంది. ఇవి రెండూ తొలిచి వదిలేసిన ఇళ్లలోకి రామచిలుకలు, గోరింకలు వస్తాయి. చిలుక ముక్కు ఉన్న రంధ్రాన్ని వెడల్పు చేసుకోగలదు గానీ, గట్టి మానులో మొదటి నుంచీ తొలుచుకోవడం దానికి కష్టం. అంటే మనం ఎండుపుల్లలని విరిచిపారేసే కొమ్మల మీద ఇన్ని జాతుల పిల్లలు ఆధారపడి ఉన్నాయి. మన చెట్ల లెక్కల్లో ఇది ఎక్కడా లేదు. 2002 నాటి వాల్టా చట్టం చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోమంటుంది, బదులుగా మొక్కలు నాటమంటుంది. 2015లో మొదలైన హరితహారం ఊరూరా మొక్కలు నాటించింది. రెండూ అవసరమే. కానీ ఒక ముసలి చెట్టుకు ఎన్ని మొక్కలు సమానమని అడిగితే, తొర్రలో ఉండే పిట్ట లెక్కలో జవాబు సున్నా. దానికి గూడు కావాల్సింది వచ్చే నెలలో.

వైశాఖంలో చెట్లు కొట్టే మనిషి తాడూ మోటారు రంపమూ పట్టుకొచ్చాడు. “సచ్చిన చెట్టును ఉంచి ఏం జేస్తరమ్మా? మొదలుకంట తీసేస్త, జాగ సాఫైతది” అన్నాడు. అప్పటికి చిలుకలు వదిలేసిన ఒక పాత తొర్రలో గోరింక పిల్లలు అరుస్తున్నాయి. వాటిని చూపించాను. మారు మాట్లాడకుండా తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు. శ్రావణంలో మళ్లీ వచ్చాడు. ఇంటి మీదికి, కరెంటు తీగల మీదికి ఒరిగిన కొమ్మలు తీసేసి మాను ఉంచమన్నాను. చుట్టూ తిరుగుతూ గొడ్డలి మడమతో మానును తట్టి, చెవి పెట్టి విన్నాడు. “ఈ పక్క బోలుగున్నది, అటు గట్టిగనే ఉన్నది. మీది బరువు దీస్తే గాలికి ఆగుతది” అని, రెండు నిలువుల ఎత్తున కోశాడు. కంసాలి పిట్ట తొలిచిన కొమ్మ మొండెం కూడా ఉండనిచ్చాడు. ఆ చెవి ఏ కాలేజీలోనూ నేర్పరు.

మోడు నుంచి చెదలు ఇంట్లోకి పాకుతాయని అత్తమ్మ భయం. న్యాయమైన భయమే. మా గోడకూ దానికీ మధ్య మంచి దూరం ఉంది కాబట్టి ఉంచగలిగాం. గోడకు ఆనుకున్న చెట్టయితే, బడి పిల్లలు నడిచే దారి పక్క చెట్టయితే నేనూ ఉంచమనను. కానీ కొట్టేముందు రెండు రోజులు, తెల్లారగట్లా మునిమాపునా చెట్టు కింద నిలబడి ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో చూడడం ఎవరైనా చెయ్యగలిగిన పని. గుడ్ల కాలం కాకపోయినా చూడాలి, ఎందుకంటే కంసాలి పిట్ట ఏడాది పొడవునా తొర్రలోనే పడుకుంటుంది.

మోడు అన్నిటినీ కాపాడలేదు. పై పంగలో కాకి గూడు పోయింది, దాంట్లో గుడ్లు పెట్టే కోకిలా పోయింది. వేపపళ్ల కాలంలో రాత్రిళ్లు మూగే గబ్బిలాలు, పగలు వచ్చే పిగిలిపిట్టలు ఇటు రావడం మానేశాయి. ఉడుతలు పక్కింటి జామచెట్టుకు మారాయి. పైడికంటెల తొర్ర తీగల వైపు కొమ్మ మొదట్లో ఉండేది, కొమ్మతోపాటు పోయింది. వాటిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. కంసాలి పిట్టలు మాత్రం ఉన్నాయి. వడ్రంగి పిట్ట బెరడు ఊడదీసి పురుగులు తింటోంది.

మా వెనక వీధిలో ఒక ఎండిన తుమ్మను కొట్టించబోతున్నారని తెలిసి వెళ్లి మాట్లాడాను. ఆ ఇంటాయన ముందు నవ్వాడు, తర్వాత నాతోపాటు సాయంత్రం దాకా కూర్చుని చూశాడు. పై కొమ్మలు తీయించి మాను ఉంచుతానన్నాడు. పని చేసేది మా చెట్టు కొట్టినతనే. కార్తీకం వెళ్లకముందే, పిట్టలు గుడ్లు పెట్టే రోజులు రాకముందే రమ్మని చెప్పాం.