1859లో వెలువడిన ఒక గ్రంథం

1859 బ్రిటనులో విశేషాల సంవత్సరం. జులైలో లండనులోని బిగ్ బెన్ గంటలు కొట్టసాగింది. సెప్టెంబరు 1న కారింగ్టన్ అనే ఖగోళజ్ఞుడు సూర్యబింబంపై ఒక మహాజ్వాలను చూచినాడు. అయితే ఆలోచనలను అన్నిటికన్న ఎక్కువగా కదిలించినది నవంబరు 24న వెలువడిన డార్విన్ గ్రంథం 'జాతుల ఆవిర్భావం'. మొదటి కూర్పు 1250 ప్రతులు.

సిద్ధాంతం మనకు తెలిసినదే. దానిని సమర్థించిన తీరు గమనింపదగినది. మొదటి అధ్యాయంలో డార్విన్ పెంపుడు పావురాలను చూపినాడు. పెంపకందారు నచ్చిన పక్షులను ఎన్నుకొని జతపరచగా కొన్ని తరాలకు కొత్త రకాలు వస్తాయి. ప్రకృతిలో ఆ ఎన్నిక జీవనపోరాటం వల్ల జరుగుతుందని తరువాత వాదించినాడు. తెలిసినదాని నుండి తెలియనిదానికి నడిపే ఈ పద్ధతి ఉపాధ్యాయులకు ఆదర్శప్రాయం.

అంతకన్న మెచ్చదగినది ఆరవ అధ్యాయం. మధ్యంతర రూపాలు ఏవి? కన్ను వంటి అవయవం క్రమంగా ఎట్లా ఏర్పడింది? ప్రత్యర్థులు వేయదగిన ఇట్టి ప్రశ్నలను తానే వేసికొని జవాబు వెదకినాడు.

లోపం లేకపోలేదు. లక్షణాలు సంతానానికి ఎట్లా సంక్రమిస్తాయో గ్రంథం చెప్పలేకపోయింది. తల్లిదండ్రుల లక్షణాలు కలిసిపోతే కొత్త మార్పు పలచబడదా అని 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అనే ఇంజనీరు ఆక్షేపించినాడు. జవాబుకు ఆధారమైన మెండెల్ బఠాణీ పరిశోధనలు 1866లోనే అచ్చయినా, 1900 వరకు మరుగున పడి ఉన్నాయి. పిమ్మట జన్యుశాస్త్రం ఆ వెలితి తీర్చి సిద్ధాంతాన్ని బలపరచింది.

కనుక ఫలితాన్ని మాత్రమే వల్లింపజేసి చిక్కులను దాచే పాఠం డార్విన్ పద్ధతికే విరుద్ధం. ప్రశ్నలతో సహా చెప్పినప్పుడే విద్యార్థికి శాస్త్రం అబ్బుతుంది.