హెడ్‌ఫోనుకు వెండి తీగ: నంద్యాల ఎండలో ఒక పరిశీలన

ఆళ్లగడ్డ శిల్పి పనికి రాతిని ఎన్నుకొనేటప్పుడు దానిని సుత్తితో మెల్లగా తట్టి చూస్తాడు. గంటవలె మోగిన రాయి గట్టిది. బొంగురుగా పలికిన రాతిలో కంటికి కనిపించని చీలిక ఉండవచ్చును. రాళ్లకు నాదాన్ని బట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని పేర్లు పెట్టినది మన శిల్పశాస్త్రం. చెవిని సాధనంగా వాడుకొనడంలో తప్పేమీ లేదని దీనివల్ల తెలుస్తున్నది. అయితే శిల్పి చెవి ఇచ్చిన తీర్పు అంతటితో ముగియదు. ఉలి పడగానే రాయి ఆ తీర్పును పరీక్షిస్తుంది. చెవి పొరపడితే ఎన్నో దినాల కష్టం రెండు ముక్కలవుతుంది.

ఈ రెండవ మెట్టు లేని శ్రవణవిద్య ఒకటి ఈ కాలంలో బాగా పెరిగినది. ఖరీదైన హెడ్‌ఫోనును కొని, దానికై ప్రత్యేకంగా అల్లించిన తీగను, దానితో జోడు కుదిరే ఆంప్లిఫయరును వెదకి కూర్చడమే ఆ విద్య. రాగి తీగ ధ్వనికి వెచ్చదనం ఇస్తుందనీ, వెండి తీగ కాంతి ఇస్తుందనీ, రెంటినీ కలిపి అల్లితే గాయకుడు ఎదుట కూర్చున్నట్లుంటుందనీ సమీక్షకులు వ్రాస్తారు. నాలుగు రకాలు పెట్టుకొని విని చూచే వీలున్నవానికి ఈ వ్రాతలతో పని లేదు. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఉండి, వినకుండానే పార్సెలులో తెప్పించుకొనే శ్రోతకు మాత్రం అవే ఆధారం. కావున వాటిలో ఏది భౌతికశాస్త్రమో, ఏది అలంకారశాస్త్రమో వేరుచేసి చూడడం అవసరం.

సాధనం ఎట్లా పనిచేస్తుంది?

హెడ్‌ఫోను కొత్త వస్తువు కాదు. 1910 ప్రాంతంలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియెల్ బాల్డ్విన్ తన వంటయింట్లో తయారుచేసిన జంట శ్రవణులను అమెరికా నౌకాదళం కొన్నది. 1958లో జాన్ కాస్ స్టీరియో సంగీతం వినేందుకు హెడ్‌ఫోనును తెచ్చాడు. 1968లో జర్మనీ దేశపు సెన్‌హైజర్ సంస్థ వెనుకభాగం తెరచి ఉండే హెచ్‌డి 414 రకాన్ని విడుదల చేసినది. సూత్రం మాత్రం నాటికీ నేటికీ పెద్దగా మారలేదు. అయస్కాంత క్షేత్రంలో ఒక సన్నని తీగచుట్ట ఉంటుంది. దానిలో ప్రవహించే విద్యుత్తు ఎట్లా హెచ్చి తగ్గితే చుట్టకు అంటిన పలుచని పొర అట్లా ముందుకూ వెనుకకూ కదలుతుంది. ఆ కదలికయే గాలిలో ధ్వని. కొన్ని రకాలలో చుట్టకు బదులు పొర మీదనే వాహకాన్ని పరచి ఉంచుతారు.

ఈ అమరికలో శ్రోత ఎరుగవలసిన విలువలు రెండు. ఒకటి, విద్యుత్తుకు హెడ్‌ఫోను చూపే అవరోధం. దీనిని ఓములలో చెబుతారు. రెండవది, కొద్దిపాటి విద్యుత్తుకు ఎంత బిగ్గరగా పలుకుతుందో తెలిపే సూక్ష్మత. దీనిని డెసిబెల్లలో చెబుతారు. తీగను గురించీ, ఆంప్లిఫయరును గురించీ వచ్చే ప్రశ్నలలో చాలా వాటికి ఈ రెండు అంకెలలోనే జవాబు ఉన్నది.

తీగ లెక్క

రెండు మీటర్ల పొడవు, 0.1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోత కలిగిన రాగి తీగను తీసుకొందాము. విద్యుత్తు పోవడానికి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి గనుక మొత్తం పొడవు నాలుగు మీటర్లు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద రాగి విశిష్ట నిరోధాన్ని బట్టి దీని నిరోధం సుమారు 0.69 ఓము. అదే కొలతలు గల వెండి తీగ నిరోధం సుమారు 0.64 ఓము. లోహాలన్నిటిలో వెండి ఉత్తమ వాహకమన్న మాట నిజమే. కాని ఆ ఔన్నత్యం ఇక్కడ ఓములో ఇరవయ్యవ వంతు మాత్రమే.

హెడ్‌ఫోను అవరోధం 300 ఓములైతే ఈ తేడా వల్ల ధ్వని తీవ్రతలో కలిగే మార్పు 0.002 డెసిబెల్ కూడా లేదు. 32 ఓముల హెడ్‌ఫోనుకైనా అది 0.014 డెసిబెల్‌ను మించదు. ఎంతో శ్రద్ధగా వినే చెవి అయినా పసిగట్టగల తేడా సగం డెసిబెల్‌కు దగ్గరగా ఉంటుంది. పైగా ఈ కొంచెపు మార్పు మంద్రస్థాయికీ తారస్థాయికీ ఇంచుమించు సమానంగానే వర్తిస్తుంది. అందువల్ల ధ్వని వెచ్చబడడానికి గాని, కాంతివంతం కావడానికి గాని ఇందులో చోటు లేదు.

విద్యుత్తు తీగ ఉపరితలం వెంబడి పోతుందని, అందుచేత వెండిపూత చాలునని మరొక వాదం ఉన్నది. రేడియో తరంగాల విషయంలో ఇది సరియైన మాటే. కాని చెవికి వినబడే అత్యున్నత పౌనఃపున్యమైన 20,000 హెర్ట్జ్ వద్ద కూడా రాగిలో విద్యుత్తు చొరబడే లోతు దాదాపు అర మిల్లీమీటరు. మనం తీసుకొన్న తీగ వ్యాసార్ధం అందులో సగం కూడా లేదు. అనగా విద్యుత్తు తీగ అంతటా నిండుగానే ప్రవహిస్తుంది. పూతకు ప్రత్యేకంగా చేయవలసిన పని ఏదీ మిగలదు.

ఎండ చెప్పే సాక్ష్యం

ఇంతకంటె తేలికగా బోధపడే సాక్ష్యం నంద్యాల ఎండలో ఉన్నది. లోహం వేడెక్కిన కొలది దాని నిరోధం పెరుగుతుంది. రాగికి ఈ పెరుగుదల డిగ్రీకి నూటికి 0.39 వంతు, వెండికి కూడా ఇంచుమించు అంతే. శీతకాలపు రాత్రి 20 డిగ్రీలున్న గది మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీలకు చేరితే తీగల నిరోధం నూటికి 9 వంతులు పెరుగుతుంది. వెండికీ రాగికీ గల తేడా నూటికి 8 వంతులకు లోపే. అనగా మే నెలలో నంద్యాల వెండి తీగ, డిసెంబరులో నంద్యాల రాగి తీగతో సరిసమానం!

అంతటితో ఆగలేదు. హెడ్‌ఫోనులోని చుట్ట కూడా లోహమే. అది కూడా ఇరవైమూడు డిగ్రీలు వేడెక్కితే 300 ఓముల చుట్టలో సుమారు 25 ఓముల పెరుగుదల వస్తుంది. తీగను మార్చి సాధించిన 0.05 ఓముకు ఇది దాదాపు 500 రెట్లు. తీగ మార్చగానే తెర తొలగినట్లు విన్న శ్రోత, ఎండ ముదిరినప్పుడు ఆ తెర మళ్లీ పడిందని చెప్పవలసి ఉన్నది. అట్లా చెప్పినవారు కనబడరు. సమీక్షలలో తీగకు ఋతువులు లేవు.

ఆంప్లిఫయరు మాట వేరు

తీగ విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉన్నంత మాత్రాన ఆంప్లిఫయరు కూడా భ్రమయేనని తేల్చడం తొందరపాటు. లెక్కలే ఇక్కడ వేరే మాట చెబుతున్నవి. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 600 అవరోధం 300 ఓములు. ఒక వోల్టుకు అది 97 డెసిబెల్లు పలుకుతుంది. సంగీతంలో క్షణకాలం వచ్చే శిఖరాలకు 110 డెసిబెల్లు కావలెనంటే దాదాపు నాలుగున్నర వోల్టులు అందించవలె. ఒక వోల్టును మించి ఇవ్వలేని చిన్న సాధనం అక్కడ చేతులెత్తివేస్తుంది. హైఫైమన్ హెచ్‌ఇ-6 అనే పొర రకం మరొక విధంగా మొండిది. దాని అవరోధం 50 ఓములే, సూక్ష్మత మిల్లీవాట్టుకు 83.5 డెసిబెల్లు. అదే శిఖరానికి దానికి కావలసిన వోల్టులు కూడా ఇంచుమించు అంతే. కాని విద్యుత్ప్రవాహం మాత్రం ఆరు రెట్లకు పైగా కావలె. మొదటిదానికి చక్కగా సరిపోయిన ఆంప్లిఫయరు రెండవదాని ముందు తడబడితే అందులో మర్మమేమీ లేదు.

ఆంప్లిఫయరుకు స్వంతంగా ఉండే నిర్గమ అవరోధం మరొక ముఖ్య విషయం. హెడ్‌ఫోను అవరోధం అన్ని పౌనఃపున్యాల వద్ద ఒకటిగా ఉండదు. నామమాత్రంగా 300 ఓములున్నది పొర అనునాదం చెందే మంద్రస్థాయిలో 550 ఓముల దాకా పోవచ్చును. ఇట్టి హెడ్‌ఫోనును 120 ఓముల నిర్గమ అవరోధం గల ఆంప్లిఫయరుకు తగిలిస్తే మంద్రస్థాయి తక్కిన ధ్వనికంటె సుమారు 1.2 డెసిబెల్లు హెచ్చుతుంది. ఇది చెవికి తెలిసే మార్పే. ట్రాన్స్‌ఫార్మరు లేని వాల్వు ఆంప్లిఫయర్లలో శ్రోతలు మెచ్చుకొనే వెచ్చదనానికి ఇది ఒక ముఖ్య కారణం. నిర్గమ అవరోధం 10 ఓములకు తగ్గితే ఆ హెచ్చు 0.13 డెసిబెల్‌కు పడిపోతుంది. మన 0.69 ఓముల తీగ వల్ల వచ్చేది 0.01 డెసిబెల్ లోపే. జోడు కుదరడమనే మాటకు శాస్త్రీయమైన అర్థం ఇక్కడ ఉన్నది. సమీక్షకుడు కవిత్వానికి బదులు ఈ ఒక్క అంకెను ఇస్తే పాఠకునికి మేలు కలుగుతుంది.

ఈ అంకెను కళాశాల ప్రయోగశాలలోనే కనుగొనవచ్చును. ఆంప్లిఫయరులో 100 హెర్ట్జ్ స్వరాన్ని తక్కువ స్థాయిలో పలికించి, హెడ్‌ఫోను తీసివేసి, వోల్టేజిని కొలవవలె. పిమ్మట 33 ఓముల నిరోధకాన్ని తగిలించి మరల కొలవవలె. మొదటిది 0.50 వోల్టు, రెండవది 0.45 వోల్టు అయితే తగ్గిన 0.05ను 0.45తో భాగించి 33తో గుణించాలి. నిర్గమ అవరోధం సుమారు 3.7 ఓములు. ఇది హెడ్‌ఫోను అవరోధంలో ఎనిమిదవ వంతుకు మించకుంటే చాలునన్నది వాడుకలో ఉన్న నియమం.

తీగకు కూడా న్యాయం చేయాలి

తీగకు ఎప్పుడూ ఏ ప్రభావమూ లేదనడం కూడా శాస్త్రం కాదు. చెవి రంధ్రంలో ఇమిడే కొన్ని చిన్న శ్రవణులలో పలు యంత్రాంగాలుంటవి. వాటి అవరోధం ఒక పౌనఃపున్యం వద్ద 10 ఓములు, మరొక చోట 50 ఓములు కావచ్చును. వాటికి ఒక ఓము నిరోధం గల సన్నని తీగ తగిలిస్తే స్థాయిల మధ్య 0.6 డెసిబెల్‌కు పైగా తేడా వస్తుంది. అది వినబడినా ఆశ్చర్యం లేదు. అయితే దీనికి మందు వెండి కాదు, కాస్త లావైన రాగి.

ఎడమ కుడి చెవులకు తిరుగుదారి ఒక్కటే అయినప్పుడు ఒకదాని ధ్వని మరొకదానిలోకి కొంత చొరబడుతుంది. తిరుగుదారులను వేరుచేసిన తీగ దీనిని తగ్గిస్తుంది. బట్టకు రాచుకొన్నప్పుడు గరగర మోయని మెత్తని తొడుగు, మెలిపడినా తెగని అతుకు, తగినంత పొడవు ఇవన్నీ డబ్బిచ్చి కొనదగిన గుణాలే. మంచి తీగ మంచి వస్తువే. కాకపోతే అది పనిముట్టే గాని వాద్యం కాదు.

చెవికి ఉలి

శ్రోతలు అబద్ధమాడుతున్నారని ఇందువల్ల అనుకోరాదు. వారు నిజంగానే తేడా విన్నారు. తీగ మార్చడానికి హెడ్‌ఫోను తీసి మళ్లీ పెట్టుకొన్నప్పుడు మెత్తలు కొంచెం పక్కకు జరిగితే తారస్థాయిలో కొన్ని డెసిబెల్ల మార్పు వస్తుంది. కళ్లజోడు కాడ వల్ల సందు పడితే మంద్రస్థాయి జారిపోతుంది. రెండింటిలో కొంచెం బిగ్గరగా ఉన్నది మేలైనదిగా తోస్తుంది. వీటన్నిటిపైన, డబ్బు పెట్టిన మనస్సు మేలునే వెదకుతుంది.

శిల్పికి ఉలి ఉన్నట్లు శ్రోతకు కూడా ఒక పరీక్ష ఉన్నది. 1950లో బెల్ ప్రయోగశాలలకు చెందిన మన్సన్, గార్డినర్‌లు ప్రకటించిన పద్ధతి అది. మొదటిది, రెండవది అని రెండు ధ్వనులను వినిపించి, మూడవది వాటిలో ఏదో చెప్పమంటారు. ధ్వని తీవ్రతలు 0.1 డెసిబెల్ లోపల సరిపోవలె. ఏది తగిలించినదీ వినేవానికి తెలియరాదు. పదహారుసార్లలో పన్నెండు లేక అంతకు మించి సరిగా చెప్పగలిగితే అది కేవలం అదృష్టమయ్యే అవకాశం నూటికి నాలుగుకు లోపు. తీగలను సమీక్షించేవారు ఈ పరీక్ష ఫలితాన్ని ఎందుకు జతచేయరని పాఠకుడు అడగవచ్చును. ధరను ప్రమాణంగా తీసుకొనేవారికి కూడా ఒక హెచ్చరిక ఉన్నది. 2017లో బ్రీబార్ట్ 283 శ్రవణుల కొలతలను పరిశీలించి, ధ్వని స్పందనకూ ధరకూ సంబంధం కనబడలేదని ప్రకటించాడు.

గొలుసులో చివరి లంకె

తీగనూ ఆంప్లిఫయరునూ వర్ణించే సమీక్షలు తరచుగా మరచేది చెవిని. బలమైన ఆంప్లిఫయరు చేతికి వచ్చినప్పుడు ఈ మరపు ప్రమాదకరమవుతుంది. పెద్దలకు వారానికి 80 డెసిబెల్ల వద్ద 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. 90 డెసిబెల్ల వద్ద అది నాలుగు గంటలే. ఆళ్లగడ్డ నుండి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. రోజూ బస్సులో గంట పోయి గంట వచ్చే విద్యార్థి, ఇంజను రొదను మించేటట్లు 90 డెసిబెల్ల వద్ద పాటలు వింటే, వారపు పరిమితి మంగళవారం సాయంత్రానికే చెల్లిపోతుంది. అతనికి కావలసినది వెండి తీగ కాదు. బయటి రొదను ఆపే మూసిన హెడ్‌ఫోను. రాతిని కోసే యంత్రం పక్కన పగలంతా గడిపినవానికి రాత్రి సంగీతం మీద మిగిలే పరిమితి ఇంకా తక్కువ. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు ఒకసారి నశిస్తే మళ్లీ మొలవవు. తెగిన తీగను అతికించవచ్చును; ఈ లంకెకు అతుకు లేదు.

కావున ఖర్చుకు ఒక వరుస ఉండవలె. మొదట తలకు చక్కగా అమరే మంచి హెడ్‌ఫోను. తరువాత దానికి చాలినంత వోల్టేజి, ప్రవాహం ఇచ్చి, నిర్గమ అవరోధం తక్కువగా ఉండే ఆంప్లిఫయరు. చివరకు గట్టిగా, మెత్తగా ఉండే మామూలు రాగి తీగ. అంతకు మించి అల్లికలోని అందం కోసం వెండి తీగ కొనేవారిని ఎవరూ ఆక్షేపించనక్కరలేదు. అందానికి ధర ఇవ్వడం ఆళ్లగడ్డకు తెలిసిన సంగతే. కాని అందాన్ని నాదమని అమ్మినప్పుడు మాత్రం కొనేవాడు ఒకసారి తట్టి చూడవలె.