డోలు ఆమె మాట వింటుంది

ప్యూర్టోరికోలో బొంబా అనే నాట్యం ఎలా మొదలవుతుందో చూడాలి. అప్పటికే డోళ్లు మోగుతుంటాయి, జనం పాటకు వంత పాడుతుంటారు. గుంపులోంచి ఒకామె బరిలోకి వస్తుంది. పావడా అంచులు రెండు చేతులా పట్టుకుని ఒక చుట్టు నడిచి, ప్రీమో అనే డోలు ముందు ఆగి తల వంచుతుంది. ఇక అక్కణ్ణుంచి పెత్తనం ఆమెదే. భుజం విదిలిస్తే డోలు మీద ఒక దెబ్బ. పావడా చివర విసిరితే ఇంకో దెబ్బ. ఈ విసుర్లను పికేతే అంటారు. తాళానికి తగ్గట్టు అడుగు వేయడం మనకు అలవాటైన నాట్యం. ఇక్కడ అడుగుకు తగ్గట్టు డోలు పలకాలి. అందుకే ప్రీమో వాయించేవాడి చూపు డోలు మీద ఉండదు, ఆమె కాళ్ల మీద, చేతుల మీద ఉంటుంది.

కింద లయ చెదరకుండా పట్టి ఉంచేది బులెయాదోర్ అనే బొంగురు గొంతు డోలు. దానికి మేకపోతు తోలు బిగిస్తారు, ప్రీమోకు ఆడమేక తోలు. పక్కనే రెండు పుల్లలతో చెక్క మీద వాయించే క్వా, గలగలలాడే మరాకా. సికా, యుబా, ఓలాందేస్ అని లయలకు పేర్లున్నాయి. యుబా నిదానంగా బరువుగా సాగుతుంది, ఓలాందేస్ పరుగెత్తిస్తుంది.

డోళ్లను ఒకప్పుడు రమ్ము పీపాలతో చేసుకున్నారు. ఆ రమ్ముకు మూలం చెరకు, ఆ చెరకు నరికింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. 1826 నాటి నిబంధనల ప్రకారం వాళ్లు ఆడిపాడాలంటే పండగ రోజుల్లోనే, అదీ కాపలా మధ్యే. మిగతా రోజులన్నీ ఒకరి ఆజ్ఞకు వంగిన ఒళ్లు, బరిలో ఉన్న ఆ కాసేపూ తానే ఆజ్ఞ ఇచ్చేది. 1873లో బానిసత్వం పోయింది, నల్ల ఒంటి మీద చిన్నచూపు పోలేదు. లాటిన్ అమెరికా మూలం వాళ్లందరినీ కలిపి పిలిచే లాటినో అన్న ఒక్క మాట కింద ఆఫ్రికా మూలాన్ని దాచేసిన ఇళ్లు ఎన్నో. నల్లవాళ్లు ఎక్కువగా ఉండే లోయిసా ఊరు, సాంతుర్సే పేటలో రఫాయెల్ సెపేదా కుటుంబం లాంటివాళ్లు బొంబాను వదలకుండా పట్టుకున్నారు కాబట్టే అది నిలిచింది. 1950ల్లో రఫాయెల్ కోర్తీహో బృందం దాన్ని రేడియోకు, టీవీకి ఎక్కించింది. నల్లటి కళాకారులు తమ వాడల పాటతో తెరమీద కనిపించడం ఎంతమంది పిల్లలకు ధైర్యమిచ్చి ఉంటుందో!

న్యూయార్క్, షికాగోల్లో పుట్టి స్పానిష్ సరిగా రాని ప్యూర్టోరికో కుటుంబాల పిల్లలు కూడా ఇప్పుడు బొంబా నేర్చుకుంటున్నారు. మాట తడబడినా భుజం తడబడదు. ఎక్కువగా మగవాళ్ల చేతిలోనే ఉండే డోలు ముందు ఇప్పుడు ఆడవాళ్లు కూర్చుంటున్నారు. ఆడ, మగ గీత చెరిపి తమను లాటినెక్స్ అని చెప్పుకునే తరంలో, పావడా కట్టి బరిలో దిగే మగపిల్లలూ ఉన్నారు. ఆ పావడాకు కూడా ప్రీమో అంతే శ్రద్ధగా జవాబిస్తుంది. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

2019 జులైలో ప్యూర్టోరికో గవర్నరు, ఆయన సన్నిహితులు ఆడవాళ్లనూ స్వలింగ ప్రేమికులనూ వెక్కిరిస్తూ రాసుకున్న సందేశాలు బయటపడ్డాయి. ఆయన దిగిపోవాలంటూ రాజధాని సాన్ హువాన్ వీధులు జనంతో నిండిపోయాయి. గవర్నరు భవనం దగ్గర బొంబా డోళ్లు దించారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, డోలుకు తల వంచి, ఆడారు.