‘ది ఇన్విజిబుల్ వార్’: చికిత్సకు అక్కరలేని సాక్ష్యం పరిహారానికి ఎందుకు?

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఒక డాక్యుమెంటరీ చిత్రాన్ని అది ఎత్తుకున్న సమస్యతో సరిపోల్చి విమర్శించగలుగుతారు.
• సైన్యంలో లైంగిక హింసకు గురైన అమెరికా మాజీ సైనికులకు చికిత్స పొందే హక్కు వేరు, పరిహారం పొందే హక్కు వేరు అని వివరించగలుగుతారు.
• ‘సాక్ష్యం’ అనే మాట ఒక్కో కార్యాలయంలో ఒక్కో తీరుగా పనిచేస్తుందని గుర్తించగలుగుతారు.

7.1 విషయ పరిచయం

కిర్బీ డిక్ దర్శకత్వంలో 2012లో వచ్చిన ‘ది ఇన్విజిబుల్ వార్’ అమెరికా సైన్యంలో తోటివారి చేతిలో, పై అధికారుల చేతిలో లైంగిక దాడికి గురైనవారి గురించి తీసిన డాక్యుమెంటరీ. సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల పురస్కారం పొందింది. ఆస్కార్‌కు నామినేట్ అయింది. చిత్రం మీకు చూడటానికి వీలు కాకపోయినా ఇబ్బంది లేదు. విమర్శకు అవసరమైనంత కథ ఇక్కడే చెబుతాను.

ఈ చిత్రాన్ని సాధారణంగా శిక్ష పడని నేరాల కథగా చదువుతారు. అది సరైన పఠనమే, కాని సగం పఠనం. నేరం ఒక రాత్రి జరుగుతుంది. దాని తరువాతి బతుకు ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో, దరఖాస్తుల్లో, నిరాకరణ ఉత్తరాల్లో సాగుతుంది. ఈ రెండో భాగాన్ని చిత్రం చూపింది గాని విడమరచలేదు. ఆ లోటు ఎక్కడుందో పరిశీలించడమే ఈ భాగంలో మన పని.

7.2 చిత్రంలో ఒక దవడ కథ

చిత్రంలో చాలామంది మాట్లాడతారు. ప్రేక్షకుడికి ఎక్కువగా గుర్తుండిపోయేది మాత్రం కోస్ట్ గార్డ్‌లో పనిచేసిన ఒక యువతి. పై అధికారి దాడిలో ఆమె దవడ దెబ్బతింది. ఏళ్లు గడిచినా మెత్తటి తిండి తప్ప తినలేదు. భర్త, చిన్న కూతురు ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో ఆమె మాజీ సైనిక వ్యవహారాల శాఖతో ఉత్తరాల మీద, ఫోన్ల మీద పోరాడుతుంది. చివరికి వచ్చిన జవాబు ఏమిటంటే, రెండేళ్ల సర్వీసుకు ఆమెకు రెండు నెలలు తక్కువైంది కాబట్టి దవడ విషయం తమ పరిధిలోకి రాదని.

దర్శకుడు ఇక్కడ వ్యాఖ్యానం చేయడు. కెమెరా ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. నా దృష్టిలో చిత్రంలో ఉత్తమమైన భాగం ఇదే. దాడి జరిగిన రాత్రిని ఏ చిత్రమూ చూపలేదు, చూపకూడదు కూడా. ఆ రాత్రి ఇంకా ముగియలేదన్న సంగతి మాత్రం అన్నం పళ్లెం దగ్గర, ఫోను దగ్గర కనిపిస్తుంది.

7.3 రెండు కిటికీలు

ఇప్పుడు చిత్రం చెప్పని విషయానికి వద్దాం. సైనిక సేవలో ఉండగా జరిగిన లైంగిక దాడిని, లైంగిక వేధింపును అమెరికాలో ‘మిలిటరీ సెక్సువల్ ట్రామా’ అంటారు. క్లుప్తంగా ఎం.ఎస్.టి. ఇది జబ్బు పేరు కాదని గమనించండి. జరిగిన అనుభవానికి పెట్టిన పేరు. దాని నుంచి నిద్రలేమి, కుంగుబాటు, పి.టి.ఎస్.డి. అని పిలిచే తీవ్ర మానసిక ఒత్తిడి వ్యాధి, శారీరక సమస్యలు పుట్టవచ్చు.

మొదటి కిటికీ చికిత్సది. 1992లో చేసిన చట్టం మహిళా మాజీ సైనికులకు కౌన్సెలింగ్ కల్పించింది. 1994లో దాన్ని పురుషులకూ వర్తింపజేశారు. నేడు ఎం.ఎస్.టి.తో ముడిపడిన శారీరక, మానసిక సమస్యలకు చికిత్స ఉచితం. ఆనాడు ఫిర్యాదు చేసి ఉండనక్కరలేదు. కాగితం చూపనక్కరలేదు. ఇన్నేళ్ల సర్వీసు ఉండాలన్న షరతు లేదు. మాజీ సైనికుల ప్రతి ఆరోగ్య సేవా వ్యవస్థలోనూ ఇందుకోసం ఒక సమన్వయకర్త ఉంటారు. చికిత్సకు వచ్చిన ప్రతి మాజీ సైనికుడినీ, సైనికురాలినీ ఈ విషయం అడగాలన్నది నియమం. అలా అడిగినప్పుడు మహిళల్లో సుమారు ముగ్గురిలో ఒకరు, పురుషుల్లో సుమారు 50 మందిలో ఒకరు అవునంటున్నారని ఆ శాఖే చెబుతోంది.

రెండో కిటికీ పరిహారానిది. ఆరోగ్యం దెబ్బతిన్నందుకు నెలనెలా ఇచ్చే డబ్బు ఇది. ఇక్కడ గాయం సేవాకాలంలోనే కలిగిందని నిరూపించాలి.

నేను పింఛనుదారుణ్ణి. ప్రతి నవంబరులో బతికే ఉన్నానని ధ్రువపత్రం సమర్పిస్తాను. మనిషి ఎదురుగా నిలబడితే అది తేలిపోతుంది. తలుపులు మూసిన గదిలో, పదేళ్ల కిందట, పై అధికారి చేసినదాన్ని ఏ కాగితంతో తేల్చాలి? ఫిర్యాదు చేస్తే ఎవరికి చేయాలో వారే నిందితుడికి మిత్రులైనప్పుడు చాలామంది నోరు విప్పరు. నోరు విప్పకపోతే రికార్డు ఉండదు. రికార్డు లేకపోతే దరఖాస్తు నిలవదు.

నియమం ఈ కష్టాన్ని అసలు గుర్తించలేదని అనలేం. పి.టి.ఎస్.డి. దరఖాస్తుల్లో సైనిక రికార్డుకు బయటి ఆధారాలను కూడా చూడాలని అది చెబుతుంది. గర్భ పరీక్ష, సుఖవ్యాధి పరీక్ష చేయించుకున్న దాఖలా, గదిలో తోడున్నవారి మాట, ఇంటివారి మాట, మతగురువు మాట. హఠాత్తుగా బదిలీ కోరడం, పనితీరు దిగజారడం, తాగుడు మొదలుకావడం కూడా గుర్తులే. ఇలాంటి ఆధారాలు ఇవ్వవచ్చునని దరఖాస్తుదారుకు ముందుగా తెలపకుండా తిరస్కరించకూడదు. నియమం కాగితం మీద మానవీయంగానే ఉంది.

అమలు ఎలా ఉంది? ఆ శాఖకు చెందిన తనిఖీ విభాగం 2018 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. అప్పట్లో ఏడాదికి దాదాపు 12,000 దరఖాస్తులు వచ్చేవి. 2017 ఆర్థిక సంవత్సరంలో సుమారు 5,500 తిరస్కరించారు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు తిరస్కరించిన సుమారు 2,700లో దాదాపు 1,300 సరైన పద్ధతిలో పరిశీలించనివేనని నివేదిక తేల్చింది. ఇలాంటి దరఖాస్తులను చూడటానికి ప్రత్యేకంగా ఉన్న సిబ్బంది ఏర్పాటును ఎత్తివేయడం కారణాల్లో ఒకటి. నియమం మంచిదైనా దాన్ని చదివిన మనిషి కిటికీ వెనుక లేకపోతే ఏమవుతుందో ఇది చెబుతుంది.

ఇప్పుడు దవడ కథకు తిరిగి రండి. ఎం.ఎస్.టి. చికిత్సకు సర్వీసు కాలం షరతు లేదన్నాం. మరి ఆమెకు రెండు నెలల లెక్క ఎందుకు చెప్పారు? చిత్రం చూసిన ప్రేక్షకుడికి ఈ ప్రశ్నే తట్టదు. ఎందుకంటే రెండు కిటికీలు ఉన్నాయని చిత్రం చెప్పదు. మనకు కోపం వస్తుంది, కాని ఏ నియమం తప్పిందో తెలియదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ఎం.ఎస్.టి. జబ్బు పేరు కాదని ఎందుకు అంటున్నాం?
2. ఫిర్యాదు లేనప్పుడు ఆధారంగా తీసుకోదగిన మూడు గుర్తులు రాయండి.

7.4 ‘సేవలో భాగం’ అనే మాట

చిత్రంలో ఒక కోర్టు వ్యవహారం ఉంది. బాధితులు మాజీ రక్షణ మంత్రుల మీద వేసిన దావాను వర్జీనియాలోని ఫెడరల్ న్యాయస్థానం 2011 డిసెంబరులో కొట్టివేసింది. సైనిక సేవకు సంబంధించిన గాయాలకు ఇలా దావా వేయడం కుదరదన్నది సారాంశం. దీని వేరు 1950 నాటి ఫెరెస్ తీర్పులో ఉంది. సైనికులకు పరిహారం ఇచ్చే ఏర్పాటు వేరే ఉంది కదా అన్నది ఆ తీర్పు చెప్పిన కారణాల్లో ఒకటి.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. న్యాయస్థానం ‘ఇది సేవలో భాగంగా జరిగింది, పరిహారం అక్కడ అడుగు’ అంటుంది. అక్కడికి వెళితే ‘ఇది సేవలో జరిగిందని రుజువు చెయ్యి’ అంటారు. ఒకే సంఘటన దావా దగ్గర సేవలో భాగం, డబ్బు దగ్గర అనుమానం. చిత్రం కోర్టును చూపింది, ఉత్తరాన్నీ చూపింది. వాటి మధ్య ఉన్న ఈ ముడిని మాత్రం విప్పలేదు. ఆ పని చేసి ఉంటే సానుభూతి కలిగించే చిత్రం నుంచి అవగాహన కలిగించే చిత్రంగా ఎదిగేది.

7.5 మరికొన్ని పరిమితులు

చిత్రం చివర తెర మీద వచ్చే వాక్యాలు చదివితే, రక్షణ మంత్రి లియాన్ పనెట్టా ఈ చిత్రం చూసిన రెండు రోజులకే ప్రాసిక్యూషన్ నిర్ణయాన్ని కమాండర్ల చేతుల్లోంచి తీసేశారనిపిస్తుంది. 2012 ఏప్రిల్‌లో జరిగినది అంత పెద్దది కాదు. నిర్ణయం కర్నల్ స్థాయి అధికారికి వెళ్లింది. ఆయనా కమాండరే. స్వతంత్ర ప్రాసిక్యూటర్లకు ఆ అధికారం దక్కింది 2023 డిసెంబరులో. తన ఫలితాన్ని తానే ప్రకటించుకునే చిత్రాన్ని జాగ్రత్తగా చదవాలి.

పురుషుల మాట చిత్రంలో ఉంది, కాని కొంచెమే. శాతం తక్కువైనా సైన్యంలో పురుషుల సంఖ్య ఎక్కువ కనుక బాధిత పురుషులు కొద్దిమంది కారు. సిగ్గు వల్ల వారిలో మౌనం మరింత గట్టిది.

ఈ లోపాలు చెప్పాక కూడా ఒక మాట అనాలి. అంతవరకు గణాంకాలుగా ఉన్నవారికి ఈ చిత్రం ముఖాలిచ్చింది. మాట్లాడినవారి కన్నీళ్లను సాగదీయలేదు. విమర్శకుడు ఆ గౌరవాన్ని గుర్తించకపోతే అతని విమర్శే లోపభూయిష్ఠం.

7.6 సారాంశం

‘ది ఇన్విజిబుల్ వార్’ నేరాన్ని, దాన్ని కప్పిపుచ్చిన అధికారాన్ని బలంగా చూపింది. తరువాతి బతుకును ఒక దవడ ద్వారా చూపింది. చికిత్స నమ్మకం మీద, పరిహారం రుజువు మీద నడుస్తాయన్న తేడాను మాత్రం వివరించలేదు. మాజీ సైనికురాలి మాట డాక్టరు గదిలో చాలినప్పుడు, పక్క గదిలో ఆ మాటకు విలువ ఎంత ఉండాలన్నది ఇంకా తేలని ప్రశ్న. దరఖాస్తును మొత్తంగా చదవకుండా తిరస్కరించడాన్ని మాత్రం ఏ జవాబూ సమర్థించదు.

7.7 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. చికిత్స, పరిహారం అనే రెండు హక్కుల మధ్య తేడాను ఉదాహరణతో వివరించండి. (30 పంక్తులు)
2. ‘సేవలో భాగం’ అనే భావన బాధితులకు రెండు చోట్ల రెండు విధాలుగా ఎలా అడ్డుపడుతుందో చర్చించండి. (30 పంక్తులు)
3. డాక్యుమెంటరీ కోపం కలిగిస్తే చాలా? వివరణ కూడా ఇవ్వాలా? మీ అభిప్రాయాన్ని సమర్థించండి. (10 పంక్తులు)