తమ్ముడు నవ్విన కొండ

కొండలెక్కడం గురించి రాసేవాళ్లు ఎక్కడో ఒకచోట పెట్రార్క్‌ని తలుచుకోకుండా ఉండరు. 1336 ఏప్రిల్ 26న, ఏ పనీ లేకుండా, అంత ఎత్తు నుంచి లోకం ఎలా ఉంటుందో చూద్దామన్న కోరికతో దక్షిణ ఫ్రాన్స్‌లోని వెంటూ కొండ ఎక్కాడట. ఆధునిక మానవుడు ఆ శిఖరం మీదే పుట్టాడని చెప్పేవాళ్లూ ఉన్నారు. మలొసెన్ అనే ఊళ్లో బయల్దేరి, 1,900 మీటర్లు దాటిన శిఖరం చేరి, వెన్నెల్లో దిగొచ్చి, నౌకర్లు వంట చేస్తుండగా ఈ ఉత్తరం రాశానని తనే చెప్పుకున్నాడు.

నేను నమ్మను. కుక్కే సుబ్రహ్మణ్య నుంచి కుమారపర్వతం ఒక్కరోజులో ఎక్కి దిగినప్పుడు (ఎక్కాల్సిన ఎత్తు ఇంచుమించు ఇంతే) ఆ రాత్రి నేను రాసింది వాట్సాప్‌లో ఒకే ఒక్క మాట: ‘దిగాం’. మోకాళ్లు వంగక లాడ్జి మెట్లు వెనక్కి తిరిగి దిగినవాణ్ణి. ఈయనగారేమో వర్జిల్‌నీ, ఓవిడ్‌నీ, లివీనీ తలుచుకుంటూ, నగిషీ చెక్కిన లాటిన్‌లో పేజీలకు పేజీలు రాశాడు.

అనుమానం నా ఒక్కడిదే కాదు. ఈ ఉత్తరం అసలు రాసింది 1353 ప్రాంతంలోనని ఇటాలియన్ పండితుడు జుసెప్పే బిల్లనోవిచ్ వాదించాడు. ఉత్తరం అందుకోవాల్సిన డియోనిజి అనే సన్యాసి 1342లోనే చనిపోయాడు. అయితే ఇదంతా కల్పనేనా, కొండ ఎక్కనే లేదా అని అడుగుతారు కొందరు. నన్ను ఆపింది ఆ ప్రశ్న కాదు.

ఎందుకంటే ఈ ఉత్తరంలో బాగున్న చోట్లు చాలా బాగున్నాయి. ఎవర్ని వెంట తీసుకెళ్లాలా అని స్నేహితులందర్నీ ఒక్కొక్కర్నే తూకం వేస్తాడు. ఒకడు మందకొడి, ఇంకొకడికి తొందరెక్కువ, ఒకడు మరీ లావు, ఇంకొకడు మరీ బక్క. ట్రెక్‌కి వాట్సాప్ గ్రూప్ పెట్టిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది. చివరికి సొంత తమ్ముడు గెరార్దో తేలాడు. దారిలో ఒక ముసలి గొర్రెల కాపరి కనిపించి, యాభై ఏళ్ల కింద నేనూ ఎక్కాను, ముళ్లకి బట్టలూ ఒళ్లూ చీరుకుపోవడం తప్ప మిగిలిందేం లేదు, వద్దని చెప్తాడు. వీళ్లు వింటారా? అదనపు బట్టలు అతని దగ్గరే పడేసి వెళ్తారు.

ఆ తర్వాతే అసలు కథ. తమ్ముడు నిటారుగా ఉన్న గట్టు దారినే పట్టుకుని ఎక్కుతుంటాడు. పెట్రార్క్ సులువైన దారి వెతుకుతూ లోయల్లోకి దిగుతాడు. కాసేపటికి తెలుస్తుంది, ఇంత నడిచినా ఎక్కిందేం లేదని. మళ్లీ ఎక్కి వచ్చేసరికి తమ్ముడు తీరిగ్గా అలుపు తీర్చుకుని కూర్చునుంటాడు. కొన్ని గంటల్లోనే మూడుసార్లో, ఇంకా ఎక్కువో ఇలా జరుగుతుంది. తమ్ముడు నవ్వుతాడు, అన్నకి ఒళ్లు మండుతుంది. ఈ పేరాలో రొప్పు వినిపిస్తుంది.

శిఖరం దగ్గరికొచ్చేసరికి ఉత్తరం పలచబడిపోతుంది. కాళ్ల కింద మేఘాలు, ఇటలీ వైపు ఆల్ప్స్ మంచు, కళ్లెదుటే రోన్ నది... గబగబా చెప్పేసి, జేబులో పట్టే అగస్టీన్ ‘కన్ఫెషన్స్’ తీస్తాడు. పుస్తకం యథాలాపంగా తెరుచుకుంటుంది. సరిగ్గా మనుషులు కొండల్నీ సముద్రాల్నీ చూసి అబ్బురపడుతూ తమని తాము పట్టించుకోరన్న చోటే తెరుచుకుంటుంది! ఈ ‘యథాలాపం’ నాకు మింగుడుపడదు. కొండ ఇంకా చూడకముందే పాఠం సిద్ధంగా ఉంది. ఇవాళ మనం చదివే ట్రెక్ వ్యాసాల్లో మూడోవంతు ఈ జబ్బుతోనే ఉంటాయి. శిఖరం మీద నన్ను నేను కనుక్కున్నాను అంటారు. సరే, ఆ పక్కన నిలబడి నీళ్ల బాటిల్ అందించినవాడెవడు?

ఉత్తరంలో ఆ పక్కన నిలబడ్డవాడి సంగతి చూద్దాం. గెరార్దో 1343లో కార్తూజియన్ సన్యాసి అయ్యాడు. అదే ఏడాది పెట్రార్క్‌కి, పెళ్లి లేకుండానే, కూతురు పుట్టింది. 1348 ప్లేగులో గెరార్దో ఉన్న మోన్‌రియూ మఠంలో ముప్పై అయిదుగురిలో మిగిలింది అతనొక్కడే. తోటివాళ్లందర్నీ తన చేతుల్తో పూడ్చి, ఒక కుక్కతో అక్కడే ఉండిపోయాడు. 1353లో అన్న వెళ్లి అతన్ని చూసొచ్చాడు. బిల్లనోవిచ్ చెప్పిన ఏడాదీ అదే.

ఇది తెలిశాక గట్టు దారీ లోయ దారీ మామూలు దారుల్లా చదవలేకపోయాను. ముప్పై ఒక్కేళ్ల కుర్రాడి సాహసంగా పేరుపడ్డ ఉత్తరం, యాభైకి దగ్గరపడ్డ అన్న తమ్ముడి గురించి రాసుకున్నదిగా కనిపిస్తోంది. ఆధునిక మానవుడి పుట్టుక సంగతి నాకు పట్టదు గానీ, ఇది మాత్రం పట్టుకుంది.

శిఖరం మీద ఒక చిన్న వాక్యం ఉంది. అగస్టీన్ మాట చదివి వినిపిస్తే, ఇంకా విందామని తమ్ముడు ఆశపడతాడు. నన్ను విసిగించకు అని చెప్పి పెట్రార్క్ పుస్తకం మూసేస్తాడు. అక్కణ్ణుంచి కొండ దిగేదాకా ఒక్క మాట లేదు. నిజంగా 1353లోనే రాసుంటే, పదిహేడేళ్ల తర్వాత కూడా ఆ విసుగుని కొట్టేయకుండా ఉంచాడు.