వంకాయ తొక్కలో ఊదా

వంకాయను సెగ మీద కాల్చి, మాడిన తొక్క ఒలిచేసి, గుజ్జు మెదిపి చేసే పచ్చడికి రుచిలో సాటి లేదు. అయితే కాయకు ఊదా రంగు తెచ్చే నాసునిన్ అంతా తొక్కలోనే ఉంటుంది. ఒలిచిన తొక్కతో పాటే అదీ చెత్తబుట్టలో పడుతుంది.

నాసునిన్ ఆంథోసైనిన్ల జాతిది. నేరేడు పండుకు, నల్ల బియ్యానికి రంగునిచ్చేదీ ఈ జాతే. ఊబకాయం మీద పరిశోధన చేసేవాళ్లు దీని వెంట పడటానికి పెద్ద కారణమే ఉంది. కొవ్వు కణజాలం ఊరికే నిల్వ ఉండే సరుకు కాదని 1993లో గోఖాన్ హోతామిస్లిగిల్, బ్రూస్ స్పీగెల్‌మన్‌ల బృందం చూపించింది. బాగా లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే వాపు పుట్టించే ప్రోటీన్ ఎక్కువగా తయారవుతోంది, అదే ఇన్సులిన్ పనికి అడ్డం పడుతోంది. ఆ కొవ్వులోకి మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు గుంపుగా చేరతాయని 2003లో మరో రెండు బృందాలు తేల్చాయి. ఈ వాపు పైకి కనబడదు, నొప్పీ పెట్టదు. అందుకే ఏళ్ల తరబడి సాగిపోతుంది.

అదే ఏడాది జపాన్‌లో తకనోరి త్సుదా బృందం చిట్టెలుకలకు 12 వారాలు కొవ్వు దండిగా ఉన్న మేత పెట్టింది. కొన్నింటి మేతలో మాత్రం ఊదా మొక్కజొన్న రంగు కలిపింది, అదీ ఆంథోసైనిన్ల జాతిదే. వాటికి ఒళ్లు అంతగా పెరగలేదు, టీఎన్ఎఫ్-ఆల్ఫా జోరూ తగ్గింది.

మనుషుల్లో ఫలితాలు ఇంత సూటిగా లేవు. తిన్న ఆంథోసైనిన్‌లో చాలా కొద్ది భాగమే ఉన్నదున్నట్టు రక్తంలోకి చేరుతుంది, మిగతాదాన్ని పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలు చేస్తుంది. కాబట్టి రంగు గుళికలు అమ్మేవాళ్ల మాటలకు డబ్బు పొయ్యడం కన్నా కూర వండే తీరు చూసుకోవడం మేలు.

ఆ తీరు విషయంలో గుత్తి వంకాయకు మంచి మార్కులే పడతాయి. తొక్క తొక్కగానే ఉంటుంది. చింతపండు పులుపు కూడా కలిసొస్తుంది, ఎందుకంటే ఆంథోసైనిన్లు పులుపులోనే ఎక్కువగా నిలుస్తాయి. త్వరగా ఉడకాలని సోడా చిటికెడు వేస్తే మాత్రం చెడతాయి. పైగా ఈ రంగు నీళ్లలో కరుగుతుంది. అందుకే ముక్కల్ని ఉడికించి ఆ నీళ్లు వంపేయకూడదు. ఎర్ర తోటకూర ఎరుపు వేరే జాతిది, బీటాలైన్, అయినా దాని సంగతీ ఇంతే.

చిక్కల్లా నూనెతోనే. వంకాయ ఎంత పోస్తే అంతా పీల్చేస్తుంది. పైన నూనె తేలేదాకా వేయించిన కూరలో తొక్క నిలిచి ఏం లాభం? కాయను నాలుగు పక్షాలుగా చీల్చి, కారం కూరి, రెండు చెంచాల నూనెలో మూత పెట్టి సన్న సెగ మీద మగ్గిస్తే చాలు, చక్కగా మెత్తబడుతుంది.